గొట్టం మారింది, డబ్బా మారలేదు

మొన్న ముప్కాల్ దగ్గర జాతీయ రహదారి పక్కనున్న ఒక కొట్టులో మామిడిరసం డబ్బా కొన్నాను. దానికి కాగితపు స్ట్రా అంటించి ఉంది. 2022 జూలై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ స్ట్రాలు నిషిద్ధం కదా, సంతోషించాను. నాలుగు గుక్కలకే అది నాని మెత్తబడిందనుకోండి, అది వేరే సంగతి.

నన్ను ఆలోచనలో పడేసింది చేతిలో మిగిలిన డబ్బా. చూపులకు అట్టే గానీ, అందులో కాగితానికి ప్లాస్టిక్ పొరలూ అల్యూమినియం రేకూ అతికి ఉంటాయి. వాటిని విడదీసే యంత్రాలు మన పల్లెల్లో ఎక్కడివి? స్ట్రా మార్పు దండగని నేననను; కాలువలో పడ్డ కాగితం కొన్నాళ్లకైనా కుళ్లిపోతుంది. కానీ పుల్లంత గొట్టాన్ని మార్చి, డబ్బాను అలాగే ఉంచి, పర్యావరణాన్ని ఉద్ధరించామని వ్యాపారులు చాటుకోవడమే నాకు మింగుడుపడదు.

బోధన్ చక్కెర కర్మాగారం 2015లో మూతపడినా, ఈ దారిలో చెరకురసం బండ్లు మాత్రం మిగిలాయి. అక్కడ గాజుగ్లాసులో తాగి ఇచ్చేస్తే కడిగి మరొకరికి పోసేవారు. స్ట్రా ఊసే ఉండేది కాదు. ఈసారి ఆగి చూస్తే కాగితపు కప్పుల దొంతర. లోపలి పూత ప్లాస్టిక్‌దే! గ్లాసు లేదా అంటే, "అందరు గివే అడుగుతున్నరు సార్" అన్నాడు.