పసిబిడ్డ నెత్తురు చూడకుండనే బొంద పెడదామా?



రెండు వారాల బిడ్డ. పాలు తాగదు, తాగిన కాడికి కక్కుతది. కండ్లు లోపలికి పోతయ్. ఊళ్ళె దిష్టి అంటరు. ఆరెంపీ వాంతులని సూదేస్తడు. మూడోనాడు బొంద పెట్టి వస్తం. ఏ రోగమని అడిగేటోడు లేడు. మేము అడుగుతున్నాం: ఆ బిడ్డ నెత్తురులో పొటాషియం ఎంతుందో ఎవరన్న చూసిండ్రా?

పొటాషియం తిండిలో ఉండే లవణమే. గుండె కొట్టుకోవాలంటే కావాలె. పసిపిల్లల నెత్తురులో లీటరుకు 6 మిల్లీమోల్స్ దాటి పెరిగితే అదే గుండెను ఆపొచ్చు. నెలలు నిండనోళ్ళకు, కాన్పులో ఊపిరాడనోళ్ళకు మొదటి మూడు దినాల్లోనే పెరగొచ్చు. రెండో మూడో వారంలో వచ్చేది ఇంకోటి. మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథి పుట్టుకతోనే సరిగ పనిచేయదు. సోడియం పడిపోతది, పొటాషియం పెరుగుతది. ఆడపిల్లయితే జననాంగంలో తేడా కనపడి కాన్పునాడే అనుమానం రావచ్చు. మగపిల్లగానికి పైకి గుర్తు కనపడదు, అందుకే చప్పుడు లేకుండ పోతడు. తల్లి, తండ్రి ఇద్దరి నుంచి దిగే జబ్బు గనుక మేనరికాల్లో ముప్పు ఎక్కువ. మేనరికం మన వాడల్నే లేదు, దొరల ఇండ్లల్లోనూ ఉన్నది. వాళ్ళ బిడ్డకు హైదరాబాదుల పరీక్ష దొరుకుతది, గంతే తేడా.

మడిమె పొడిచి పిండిన నెత్తురులో కణాలు పగిలి లెక్క ఎక్కువ చూపొచ్చు, నరం నుంచి తీసి మళ్ళ చూడాలె. అందాక ఆగకుండ ఇసిజి తియ్యాలె. పొటాషియం ఉన్న సెలైన్ బంద్ చేసి, గుండెను కాపాడనీకి కాల్షియం గ్లూకోనేట్, పొటాషియాన్ని కణాల్లోకి పంపనీకి గ్లూకోజుతో ఇన్సులిన్ ఇస్తరు. గ్రంథి జబ్బయితే ఉప్పు సెలైన్, హైడ్రోకార్టిజోన్. ఇది పిల్లల వార్డుల చేసే వైద్యం, ఆరెంపీ చేతిపని కాదు. ఆ తర్వాత రోజూ మందు తప్పకుండ ఇస్తే ఆ బిడ్డ మా బడిలో పలక పట్టి కూసుంటది.

ఆదిలాబాద్ రిమ్స్‌ల, కరీంనగర్‌ల పసికందుల ప్రత్యేక వార్డులున్నయ్. మరి తిర్యాణి, జైనూరు గూడాల నుంచి వానకాలం వాగు దాటేదెట్ల? 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష పథకం కింద జబ్బు పడ్డ పసికందుకు సర్కారు దవాఖానల పరీక్ష, మందు, నెత్తురు, బండి అన్నీ ఉచితం. ఎవరి దయా కాదు. బయటి ల్యాబుకు పొమ్మంటే కాగితం మీద రాసి సంతకం పెట్టమనుండ్రి.

సంఘం కార్యకర్తలారా, ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 దినాల్లో బాలింత ఇంటికి రావాలె. ఆ 14, 21 దినాలు మీరూ వెంట పోండ్రి. బరువు తూయించుండ్రి. కక్కుతూ బరువు తగ్గిన బిడ్డ కనపడితే ఆనాడే 108 పిలవాలె, పొటాషియం, సోడియం చూడమని డాక్టరును నోరు తెరిచి అడగాలె. జిల్లా దవాఖానల్లో ఈ పరీక్ష రాత్రి పూట సుత దొరకాలని వచ్చే గ్రామసభల తీర్మానం పెట్టుండ్రి.