బోర్డు మీద ‘ఫ్యామిలీ’... మరి లోపల?

అచ్యుతాపురం జంక్షన్ నుంచి ఏ రోడ్డు పట్టుకుని వెళ్లినా ఒక మాట మన వెంటే వస్తుంది. ఫ్యామిలీ ధాబా. ఏసీ ఫ్యామిలీ రెస్టారెంట్. ‘ఫ్యామిలీలకు ప్రత్యేక గదులు కలవు’. బార్ అండ్ ఫ్యామిలీ రెస్టారెంట్.

చూసి చూసి అలవాటైపోయింది గానీ, ఒక్కసారి ఆగి ఆలోచించండి. మెడికల్ షాపు మీద ‘ఫ్యామిలీతో రావచ్చు’ అని రాయరు. ఇడ్లీ బండి మీద రాయరు. బస్టాండ్ మీద అసలే రాయరు. రావచ్చని అందరికీ తెలిసిన చోట ఆ బోర్డుతో పని లేదు. రావచ్చా, రాకూడదా అన్న అనుమానం ఉన్న చోటే ఆ బోర్డు కావాలి.

ఇంకో తమాషా ఉంది. మన మాటల్లో ఫ్యామిలీ అంటే కుటుంబం కాదు. ‘ఫ్యామిలీ ఊరెళ్లింది బ్రో, రూమ్‌కి వచ్చేయ్’ అన్నాడంటే భార్య పుట్టింటికి వెళ్లిందని. గుమ్మం దగ్గర కుర్రాడు ‘ఫ్యామిలీయా సార్?’ అని అడిగాడంటే మీతో ఆడవాళ్లు ఉన్నారా అని. ఉంటే పై అంతస్తు, లేకపోతే కింద. ఈ లెక్కలో పిల్లలు ఎక్కడా లేరు. వాళ్లు చంకలో ఉన్న లగేజీ కింద లెక్క.

ఈ వారం మన టాపిక్ అదే. మందు అమ్మే చోటికి పిల్లలతో వెళ్తే, ఆ చోటు ఎలా ఉండాలి?

వెళ్లడం ఎందుకు అంటారా?

అనొచ్చు. కానీ మా ఊరి సంగతి వినండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక మేం పేరుకి అనకాపల్లి జిల్లా, మనసుకి ఇంకా వైజాగే. సెజ్ వచ్చింది. శ్రీలంక కంపెనీ బ్రాండిక్స్ 1,000 ఎకరాల్లో బట్టల సిటీ పెట్టింది. ఫార్మా కంపెనీలు వచ్చాయి. వేల మంది ఆడవాళ్లు కంపెనీ బస్సులెక్కి డ్యూటీకి వెళ్తారు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ షిఫ్టుల్లో ఉన్న ఇళ్లు బోలెడు. ఒకరు వచ్చే వేళకి ఒకరు వెళ్తారు. ఇంటిల్లిపాదీ ఒక్కచోట కూర్చుని తినేది ఆదివారం రాత్రే.

పగలైతే పూడిమడక బీచ్ ఉంది, కొండకర్ల ఆవ ఉంది. చీకటి పడ్డాక? వైజాగ్ వెళ్లి రావాలంటే పోను రాను 80 కిలోమీటర్లు, నిద్రపోతున్న పిల్లని భుజాన వేసుకుని. దగ్గర్లోనే ఏసీ ఉండి, బిర్యానీ బాగుండి, ఆరుగురు కూర్చునే టేబుల్ ఉన్న చోటంటే, చాలాసార్లు దాని బోర్డు మీద ‘బార్’ అని కూడా ఉంటుంది. వెళ్లాలా వద్దా అని మనం చర్చించుకునేలోపే జనం వెళ్తున్నారు. కాబట్టి అడగాల్సింది ఎందుకు వెళ్తున్నారని కాదు, వెళ్లినవాళ్లకి అక్కడ ఏం దొరుకుతోందని.

క్యారేజీతో వచ్చిన కుటుంబం

పబ్ అనగానే మనకి డీజే, రంగు లైట్లు, గుమ్మం దగ్గర బౌన్సర్లు గుర్తొస్తారు. ఆ మాట పుట్టిన ఇంగ్లండ్‌లో అది ‘పబ్లిక్ హౌస్’, అంటే నలుగురి ఇల్లు. పేరు అంత పెద్దదే గానీ పిల్లలకి చాలాకాలం అందులో చోటు లేదు. 1908 చట్టం 14 ఏళ్లలోపు వాళ్లని బార్ గదిలోకి రానివ్వొద్దంది. 1995లో ‘చిల్డ్రన్స్ సర్టిఫికెట్’ అని ఒకటి మొదలైంది. అది కావాలంటే పబ్ రెండు విషయాలు చూపించాలి. ఒకటి, ఆ చోటు పిల్లలకి తగ్గట్టు ఉండాలి. రెండు, భోజనం, మందు కాని డ్రింకులు దొరకాలి. తర్వాత 2003 చట్టం వచ్చింది. ముఖ్యంగా మందు కోసమే నడిచే చోట 16 ఏళ్లలోపు వాళ్లు ఉండాలంటే పెద్దవాళ్లు తోడుండాలంది. 2007 జులై 1 నుంచి లోపల సిగరెట్ కూడా బంద్.

జర్మనీలో మ్యూనిక్ వాళ్ల కథ ఇంకా బాగుంటుంది. బీరు చల్లగా నిల్వ ఉండాలని నేలమాళిగలు తవ్వారు, వాటి మీద నీడ కోసం చెస్ట్‌నట్ చెట్లు నాటారు, ఆ నీడలో బల్లలు వేసి అమ్మకం మొదలుపెట్టారు. ఊళ్లో హోటళ్లవాళ్లు ఊరుకుంటారా? గొడవ చేశారు. 1812లో రాజు మధ్యేమార్గం చెప్పాడు: బీరు అమ్ముకోండి, బ్రెడ్డు తప్ప తిండి మాత్రం అమ్మకండి. దాంతో జనం ఇంటి నుంచి తిండి కట్టుకుని రావడం మొదలైంది. క్యారేజీ వచ్చిందంటే ఇల్లంతా వచ్చినట్టే కదా! ఇప్పటికీ అక్కడి బీర్ గార్డెన్లలో ఇంటి తిండి తెచ్చుకోవచ్చు. పిల్లలు ఆడుకునే చోటు చాలావాటిలో ఉంటుంది. పగటి వెలుతురు, చెట్టు నీడ, నలుగురికీ కనిపించే బల్ల, తినడానికి తిండి. ఎవరూ ‘ఫ్యామిలీ’ అని బోర్డు పెట్టక్కర్లేకపోయింది.

మన కథ వేరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అప్పుడప్పుడే అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు రోశమ్మ ముందుండగా సారా దుకాణం మూయించారు. ఆ మంట రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం, 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని ఎత్తేశారు. మనలో చాలామంది ఆ టైమ్‌కి పుట్టనే లేదు, కానీ మన అమ్మలకీ అమ్మమ్మలకీ అన్నీ గుర్తే. ‘బార్’ పక్కన ‘ఫ్యామిలీ’ అని చదవగానే అమ్మమ్మ మొహం మాడ్చుకుందంటే అది చాదస్తం కాదు. మందు తన గుమ్మంలోకి ఎలా నడిచొచ్చిందో చూసిన మనిషి ఆవిడ. అలాంటి మనిషిని కూర్చోబెట్టి అన్నం పెట్టాలంటే బోర్డు ఒక్కటే చాలదు.

నా టెస్ట్ కేసులు

నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా దగ్గర స్క్రీన్ మీద బటన్ ఉంటే చాలదు, నొక్కితే పని జరగాలి. ‘ఫ్యామిలీ’ కూడా ఒక బటనే. నొక్కి చూద్దాం రండి.

దారి: ఫ్యామిలీ హాల్ పైన, బార్ కింద. పైకి వెళ్లే మెట్లు ఎక్కడ? బార్ కౌంటర్ పక్క నుంచే. మెట్ల మీద నలుగురు ఫోన్లు మాట్లాడుతూ, సిగరెట్ కాలుస్తూ నిలబడి ఉంటారు. పిల్లని ఎత్తుకున్న అమ్మాయి ‘కొంచెం జరగండి అన్నయ్యా’ అనుకుంటూ ఎక్కాలి. వేరే గుమ్మం లేకపోతే ఆ హాల్‌లో ఎంత మంచి సోఫాలు వేసినా టెస్ట్ ఫెయిల్.

లైటు: పెద్దవాళ్ల మూడ్ కోసం నీలం లైటు. ఆ వెలుతురులో నాలుగేళ్ల పిల్లకి పూడిమడక చేప ముల్లు తీసి పెట్టి చూడండి, తెలుస్తుంది. పిల్లలున్న టేబుల్ మీద ఒక్క తెల్ల లైటు వేస్తే కరెంటు బిల్లు ఎంత పెరుగుతుందట?

బాత్రూమ్: ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. ఊరి పేరు, హోటల్ పేరు వద్దు. అక్కా బావా, మేనకోడలు, నేనూ వెళ్లాం. పెద్ద హాలు, పెద్ద టీవీ, పెద్ద మెనూ. ఆర్డర్ ఇచ్చాక పిల్లకి అర్జెంటు. పై అంతస్తులో బాత్రూమ్ లేదు, కింద బార్ వాళ్లదే అందరికీ. తలుపుకి గడియ లేదు. అక్క లోపల పిల్లతో, నేను బయట తలుపు లాగి పట్టుకుని. అవతల ఇద్దరు లైన్‌లో నిలబడి ‘ఎంతసేపండీ’ అంటున్నారు. పైకొచ్చాక అక్క ఏమీ అనలేదు. బిర్యానీ ప్యాక్ చేయించింది, ఇంటికెళ్లి తిన్నాం. ఆ హోటల్‌వాళ్లకి ఆ రాత్రి బిల్లు వచ్చింది. మేం మళ్లీ వెళ్లలేదన్న లెక్క మాత్రం వాళ్లకి ఏ కంప్యూటర్లోనూ కనిపించదు. గడియ ఖరీదు ఒక సోడా ఖరీదు కన్నా ఎక్కువేం కాదు.

ప్లేటు: మెనూలో 140 ఐటెమ్స్ ఉంటాయి, కారం లేనిది ఒక్కటీ ఉండదు. పిల్లలకి కావలసింది పెద్ద పనేం కాదు. పెరుగన్నం, ఆమ్లెట్, మెత్తటి చపాతీ, గోరువెచ్చటి నీళ్లు. అవి ముందు రావాలి, అదీ అసలు కిటుకు. పెద్దవాళ్ల స్టార్టర్స్ వచ్చేదాకా పిల్ల ఆకలితో ఏడిస్తే, తర్వాత వచ్చే తందూరీ తల్లి నోటికి చల్లగానే అందుతుంది. ఒక హోటల్ ఫ్యామిలీ హోటలా కాదా తెలియాలంటే ఆ టేబుల్ దగ్గర తల్లి వేడిగా తిందా లేదా చూడండి. అంతకన్నా మంచి మీటర్ నాకు దొరకలేదు.

కుర్చీ: హైచైర్ లేకపోయినా ఫర్వాలేదు. మనవాళ్లు రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి వేసి పిల్లని ఎత్తులో కూర్చోబెడతారు, అది వందేళ్లు పనిచేస్తుంది. కాకపోతే ఆ రెండో కుర్చీ మనం అడక్కముందే తెచ్చినవాడు వేరు, ‘కుర్చీలు లేవు సార్’ అన్నవాడు వేరు. గ్లాసు దొర్లి నీళ్లు పోయాయనుకోండి, ‘పర్లేదమ్మా, నేను తుడుస్తాను’ అన్న ఒక్క మాటకి మనం పదిసార్లు వెళ్తాం.

పొగ: దీనికి మన మంచితనంతో పని లేదు, చట్టమే ఉంది. 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడానికి వీల్లేదు. రెస్టారెంట్లు, బార్లు అందులోకే వస్తాయి. 30 సీట్లు, ఆపైన ఉన్న రెస్టారెంట్ కావాలంటే పొగ కోసం విడిగా గది పెట్టుకోవచ్చు. కాల్చినవాడికి 200 రూపాయల దాకా జరిమానా. బోర్డు గోడ మీద ఉంటుంది, దాని కిందే యాష్‌ట్రే కూడా ఉంటుంది. అడగండి. అడిగితే తీస్తారు, నేను చూశాను.

ఇంటికెళ్లే దారి

ఇవన్నీ పాసైనా ఒక టెస్ట్ మిగిలిపోతుంది. అది హోటల్ బయట ఉంటుంది. రాత్రి పది దాటింది. నాన్న రెండు పెగ్గులు వేశాడు, ‘నాకేం ఎక్కలేదు’ అంటున్నాడు. పిల్లాడు పెట్రోల్ ట్యాంక్ మీద, వెనక అమ్మ, ఆమె ఒళ్లో చిన్నది. ముందూ వెనకా కంపెనీ లారీలు. ఈ సీన్ మీరు చూడలేదంటే నమ్మను.

వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికినా 10,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. అదే సవరణలో నాలుగేళ్లు దాటిన పిల్లలకి బండి మీద హెల్మెట్ తప్పనిసరి అని కూడా ఉంది. కేసు సంగతి పక్కన పెట్టండి. వెనక కూర్చున్న ఆమెకి ఆ అరగంట ఎలా గడుస్తుందో ఆలోచించండి. లోపల పిల్లలకి బెలూన్ ఇచ్చి, బయట బండి తాళం నాన్న చేతికే ఇచ్చే చోటు ఫ్యామిలీ చోటు కాదు. ‘బండి ఇక్కడే ఉంచండి సార్, ఆటో పిలుస్తా, పొద్దున్న వచ్చి తీసుకెళ్లండి’ అనే వాచ్‌మన్ ఉన్న చోటు అవును. తాగనివాడికి కూల్‌డ్రింక్ కన్నా మంచిది ఏదైనా ఇస్తే ఇంకా మేలు. బెల్లం మార్కెట్‌కి పేరున్న అనకాపల్లి పక్కనే ఉండి, ఒక గ్లాసు చెరుకు రసం మెనూలో పెట్టలేమా?

మరి అవతలి మాట కూడా వినాలి. వారమంతా నైట్ షిఫ్ట్ చేసి, ఒక మూల కూర్చుని నెమ్మదిగా ఒక బీరు తాగుదామనుకునే మనిషి ఉంటాడు. అతని కాళ్ల మధ్య మన పిల్లలు దొంగా పోలీస్ ఆడితే అతని తప్పేముంది? వేడి సాంబారు ట్రేతో వచ్చే కుర్రాడికి పిల్లాడు అడ్డం పడితే? పిల్లల్ని చూసుకునే పని వెయిటర్‌ది కాదు, మనది. తొమ్మిదింటికల్లా లేచి వచ్చేయడం కూడా మన పనే.

ఆఖరి టెస్ట్

ఒక అమ్మ, ఏడేళ్ల కూతురు. ఆయన షిఫ్ట్‌లో ఉన్నాడో, ఊళ్లో లేడో, అసలు లేనే లేడో. కూతురి పుట్టినరోజు. అమ్మకి జీతం పడింది, తన సొంత జీతం. ‘ఏటమ్మా, నాకు ఐస్‌క్రీమ్ ఎప్పుడు?’ అని పిల్ల అడుగుతోంది. వాళ్లిద్దరూ ఆ గుమ్మం ఎక్కితే ఏం జరుగుతుంది? కుర్రాడు వాళ్ల వెనక మగమనిషి కోసం వెతుకుతాడా? ‘ఎంతమందమ్మా?’ అని అడిగి, ‘ఇద్దరం’ అనగానే మంచి టేబుల్ చూపిస్తాడా?

ఈ ఊరి మిషన్లు ఆడవాళ్ల చేతుల మీద నడుస్తున్నాయి. ఆ చేతులు ఆదివారం రాత్రి ఒక ప్లేటు ముందు నిశ్చింతగా ఆనలేకపోతే బోర్డు మీద అక్షరాలు ఎంత పెద్దవైతే ఏం?

మనం చేయగలిగింది ఒకటుంది, అదీ ఫోన్‌తోనే. ఈసారి రివ్యూ రాసేటప్పుడు బిర్యానీ ఫొటోతో ఆపేయకండి. బాత్రూమ్‌కి గడియ ఉందా, మెట్ల మీద పొగ ఉందా, పిల్లల ప్లేటు ముందు వచ్చిందా, ఇద్దరు ఆడవాళ్లు వెళ్తే ఎలా చూశారు, ఈ నాలుగు ముక్కలు రాయండి. బాగుంటే బాగుందని కూడా రాయండి. ఓనర్లు బోర్డు రోజూ చూడరు గానీ, స్టార్లు మాత్రం రోజూ లెక్కపెట్టుకుంటారు.