చక్రం విసరాలంటే చోటుండాలి!

గోటీబిళ్ల ఆడినవాళ్లకి ఈ సరదా కొత్తేం కాదు. బిళ్లను ఎక్కువ దూరం కొట్టినవాడే మొనగాడు. ఆ దూరాన్ని కర్రతో ఒకటీ, రెండూ అంటూ వీధి చివరిదాకా కొలుచుకుంటూ పోవడంలో ఉన్న ఆనందం సిక్సరు కొట్టినా రాదు! అమెరికాలో, యూరప్‌లో అచ్చం ఇదే పిచ్చి ఉన్నవాళ్లు బిళ్లకు బదులు ప్లాస్టిక్ చక్రాలు విసురుతుంటారు. ఆ ఆట పేరు డిస్క్ గోల్ఫ్.

గోల్ఫ్‌లో బంతి, గుంత. ఇందులో చక్రం, బుట్ట. ఇనుప స్తంభానికి ఓ బుట్ట, దాని పైన వేలాడే గొలుసులు. విసిరిన చక్రం గొలుసులకు తగిలి బుట్టలో పడాలి. పడకపోతే అది ఆగిన చోటు నుంచే మళ్లీ విసరాలి. తక్కువ విసుర్లతో 18 బుట్టలూ పూర్తిచేసినవాడిదే గెలుపు. ఈ గొలుసుల బుట్టను కనిపెట్టింది ఫ్రిస్బీలు తయారుచేసే వామ్-ఓ కంపెనీలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొట్టమొదటి శాశ్వత కోర్సు వేసిందీ, 1976లో ఆటగాళ్లకు సంఘం పెట్టిందీ ఆయనే. 2002లో ఆయన పోయాక, ఆయన కోరిక ప్రకారమే చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి చక్రాలు పోతపోశారు. మనవాళ్లు గోదావరిలో కలవాలనుకుంటే ఆయన గాల్లో తేలాలనుకున్నాడన్నమాట!

హెడ్రిక్ మొదటి కోర్సు వేసినప్పుడు చక్రమంటే బీచిలో పిల్లలు ఆడుకునే గుండ్రటి అంచు ఫ్రిస్బీయే. అది తేలుతుంది తప్ప దూసుకుపోదు. 1983లో డేవ్ డునిపేస్ అనే ఆయన అంచును ఏటవాలుగా చేసి కొత్త డిస్క్ తెచ్చాడు. అది గాలిని కోసుకుంటూ పోయింది. దాంతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే... చక్రాలు మారాయి గానీ పార్కులు పెరగలేదు! ఒకప్పుడు మూడు విసుర్లు పట్టే దూరాన్ని ఇప్పటి మొనగాళ్లు ఒక్క ఊపులో దాటేస్తున్నారు. మామూలు ఆటగాడు 250, 300 అడుగులు విసిరితే, పేరున్న ప్రొఫెషనల్ 500 అడుగుల దాకా పంపగలడు.

అసలు హద్దెక్కడ? స్వీడన్‌కు చెందిన క్రిస్టియన్ సాండ్‌స్ట్రోమ్ 2002లో 250 మీటర్లు విసిరితే అందరూ ముక్కున వేలేసుకున్నారు. 2016 మార్చిలో డేవిడ్ విగ్గిన్స్ జూనియర్ ఏకంగా 338 మీటర్లు విసిరాడు. నాలుగు క్రికెట్ బౌండరీలను వరసగా పేర్చినా అంత దూరం రాదు! అయితే అది నెవాడాలో ప్రిమ్ దగ్గర ఎడారిలో, ఎండిపోయిన చెరువులో, వెనక నుంచి ఈదురుగాలి తోస్తుంటే చేసిన ఫీటు. అక్కడ బుట్టా లేదు, చెట్టూ లేదు. కోర్సులో గాలి అలా చెప్పినట్టు వినదు.

ఎంత వినదో తెలియాలంటే కాన్సస్ రాష్ట్రంలోని ఎంపోరియాకి వెళ్లాలి. చుట్టూ పచ్చిక గుట్టలు, అడ్డు లేని గాలి. ఊళ్లోని గోల్ఫ్ క్లబ్బులో బుట్టలు పాతి పెద్ద టోర్నమెంటు ఆడుతూ వచ్చారు. గ్లాస్ బ్లోన్ ఓపెన్ పేరుతో పెరిగి, తర్వాత డైనమిక్ డిస్క్స్ ఓపెన్ అయింది. కనుచూపు మేర మైదానమే కాబట్టి బలమున్నవాడికి పండగే అనుకుంటాం. కానీ ఎదురుగాలిలో చక్రం పల్టీకొట్టి పక్కకి పోతుంది. వెనకగాలి వీస్తే ముందే నేలకి దిగుతుంది. ఎంత గట్టిగా విసిరితే తప్పు కూడా అంత దూరం పోతుంది!

కాలిఫోర్నియాలోని శాంతాక్రజ్‌లో ఉన్న డెలవీగా కోర్సుది ఇంకో రకం ఆకర్షణ. అక్కడి 27వ హోల్‌ని 'టాప్ ఆఫ్ ద వరల్డ్' అంటారు. కొండ మీద నిలబడితే దూరంగా మాంటెరీ అఖాతం కనిపిస్తుంది. బుట్ట ఎక్కడో కింద ఉంటుంది. చేతిలోంచి జారిన చక్రం గాల్లో తేలుతూ తేలుతూ పోతుంటే చూస్తూ నిలబడటమే. స్కోరు సంగతి తర్వాత!

ఇక ఫిన్లాండ్‌లో నోకియా. అవును, మనందరి జేబుల్లో ఒకప్పుడు మోగిన ఫోనుకు పేరిచ్చిన ఊరే. అక్కడి కోర్సు పేరు 'ద బీస్ట్', అంటే క్రూరమృగం. 2022 దాకా యూరోపియన్ ఓపెన్‌కి అది పెట్టింది పేరు.

కానీ పొడవాటి కోర్సుల గురించి పది మంది మాట్లాడుకుంటే అందులో కచ్చితంగా వినిపించే పేరు దక్షిణ కరోలినాలోని రాక్‌హిల్. తెలుగువాళ్లు బాగా స్థిరపడ్డ షార్లెట్ నగరానికి ఇది పక్కనే. ఊళ్లోని విన్‌త్రోప్ విశ్వవిద్యాలయం ఆవరణలో, చెరువు చుట్టూ 1999 నుంచి అమెరికా జాతీయ ఛాంపియన్‌షిప్ జరుగుతోంది. అందులో 888 అడుగుల హోల్ ఒకటి. ఆ అంకే దాని పేరైపోయింది.

చూడ్డానికి ఇదీ మైదానమే. కాకపోతే అడుగడుగునా తాళ్లు కట్టి ఉంటాయి. చక్రం తాడు అవతల పడిందా, స్కోరులో ఒక విసురు అదనం. అందుకే ఇక్కడ బలశాలికి ప్రతి హోల్‌లోనూ ఒక బేరం పెడతారు. 450 అడుగులు విసిరి తాడు పక్కన పడతావా, 350తో సరిపెట్టుకుని మధ్యలో ఆగుతావా? నాలుగు రోజులు ఇదే ప్రశ్న! అన్నిటికన్నా వేడుక 17వ హోల్ దగ్గర. దూరం 250 అడుగులకు మించదు. చుట్టుపక్కల కుర్రాళ్లు కూడా చేరగలరు. కానీ బుట్ట చుట్టూ ఎండుగడ్డి కట్టలు గోడలా పేర్చి ఉంటాయి. చక్రం ఆ గోడ లోపలే ఆగాలి. అంతకుముందు 16 హోల్స్‌లో కొండలు పిండిచేసిన వీరులు కూడా ఇక్కడ చెయ్యి వణికి ఆధిక్యాన్ని పోగొట్టుకున్నారు. నిజం చెప్పాలంటే పొడవు ఒక్కటే ఉంటే కోర్సు విసుగు పుట్టిస్తుంది. గట్టిగా విసరడం, నడవడం, మళ్లీ గట్టిగా విసరడం... ఇందులో ఆటేముంది? విన్‌త్రోప్ గొప్పతనమంతా ఆ తాళ్లలోనే ఉంది.

పొడవుకి ఖరీదు కూడా ఉంది. చిన్న కోర్సుకి హోలుకి ఎకరం చాలు. ఛాంపియన్‌షిప్ స్థాయికి దానికి రెట్టింపు కావాలి. అమెరికాలో చాలా కోర్సులు ప్రభుత్వ పార్కుల్లో, ఉచితంగా ఆడుకునేవి. అదే పార్కులో తాతలు వాకింగ్ చేస్తుంటారు, పిల్లలు సైకిళ్లు తొక్కుతుంటారు. 300 అడుగుల వరకు ముందెవరున్నారో కనబడుతుంది. 500 అడుగుల అవతల, చెట్ల మలుపు తర్వాత ఎవరు నడుస్తున్నారో విసిరేవాడికి ఎలా తెలుస్తుంది? 175 గ్రాముల గట్టి ప్లాస్టిక్ గంటకి వంద కిలోమీటర్ల వేగంతో వచ్చి తగిలితే ఆట కాదది. కాబట్టి పాత కోర్సుల్ని సాగదీయమని మొనగాళ్లు అడగడం, కుదరదని పార్కువాళ్లు అనడం మామూలే. న్యాయం పార్కువాళ్ల వైపే ఉంది. ఊరందరిదైన నేలని భుజబలమున్న పది మందికి రాసివ్వలేరు కదా! అందుకే పెద్ద టోర్నీలకు గోల్ఫ్ క్లబ్బులు, యూనివర్సిటీ మైదానాలు చూసుకుంటున్నారు. మామూలు పార్కుల్లో ఒకే బుట్టకి దగ్గర ఒకటి, దూరం ఒకటి చొప్పున రెండు టీలు కట్టి గొడవ తెగ్గొడుతున్నారు.

అమెరికాలో అబ్బాయి దగ్గరికో అమ్మాయి దగ్గరికో వెళ్లినప్పుడు ఇంటి పక్క పార్కులో గొలుసుల బుట్ట కనబడితే ఒకసారి విసిరి చూడొచ్చు. దుకాణంలో మాత్రం 'ఎక్కువ దూరం పోయేది' ఇమ్మని అడక్కండి. వెడల్పు అంచున్న వేగం రకం చేతికిస్తారు. బాగా వేగంగా విసిరితే తప్ప అది ఎగరదు. కుడిచేతివాటం వాళ్లకి తటాలున ఎడమకి తిరిగి కింద పడుతుంది. కొత్తవాళ్లకి పట్టరో, మిడ్‌రేంజో మేలు. నిదానంగా విసిరినా తిన్నగా పోతుంది. ఇంకోమాట... మొదటి విసురుకి ముందు భుజం పది సార్లు తిప్పుకోవాలి, దారిలో ఎవరూ లేరని రెండు సార్లు చూసుకోవాలి.