టికెట్లు ‘సోల్డ్ అవుట్’ అనగానే అసలు దందా స్టార్ట్.. గోదావరి జిల్లాల ఫ్యాన్స్‌కు వల ఇలా!

విశాఖలో టీమిండియా మ్యాచ్ ఉందంటే చాలు.. రాజమండ్రి, కాకినాడ, భీమవరం కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న. ‘టికెట్లు ఎక్కడ దొరుకుతాయి?’ ఉభయ గోదావరి జిల్లాల్లో అంతర్జాతీయ మ్యాచ్‌లు జరిగే స్టేడియం లేదు. మనకు దగ్గర్లో ఉన్నది విశాఖ మధురవాడ స్టేడియమే. రాజమండ్రి నుంచి చూసుకున్నా దాదాపు 200 కిలోమీటర్లు. అంత దూరం వెళ్లి వాకబు చేసేవాళ్లు తక్కువ. అన్నీ ఫోన్‌లోనే అయిపోవాలి. కేటుగాళ్లకు కావాల్సింది కూడా ఇదే.

కొరతే పెట్టుబడి

2025 డిసెంబర్ 6న ఇక్కడే భారత్–దక్షిణాఫ్రికా మూడో వన్డే జరిగింది. సిరీస్ 1-1తో ఉంది కాబట్టి క్రేజ్ మామూలుగా లేదు. ఇలాంటి మ్యాచ్‌లకు స్టేడియంలోని సీట్లన్నీ ఆన్‌లైన్‌లోకి రావు. స్పాన్సర్లకు, క్లబ్బులకు, వీఐపీ పాసులకు కొన్ని పోతాయి. మిగిలిన వాటి కోసం ఒకేసారి వేలమంది ఎగబడతారు. ఈ కొరత ఎంత దూరం వెళ్తుందో 2022 సెప్టెంబర్ 22న హైదరాబాద్ జింఖానా గ్రౌండ్‌లో చూశాం. ఉప్పల్‌లో ఆస్ట్రేలియాతో టీ20 టికెట్ల కోసం జనం పోటెత్తడంతో తొక్కిసలాట జరిగి పలువురు గాయపడ్డారు.

అమ్మకం మొదలవకముందు కొనేవాడు రేటు చూస్తాడు, సీటు చూస్తాడు. ‘సోల్డ్ అవుట్’ కనిపించాక మాత్రం ఎవరు అమ్ముతున్నారో కూడా చూడడు. మోసం సరిగ్గా ఈ గ్యాప్‌లోనే దూరుతుంది.

మోసం ఎలా చేస్తారు?

మొదటిది నకిలీ సైట్. అసలు పేరులో ఒక్క అక్షరం మార్చి, అదే రంగులు, అదే లోగోతో పేజీ పెడతారు. తిరుమల దర్శనం టికెట్ల పేరుతో ఇలాంటి సైట్లు పుట్టుకురావడం, వాటిపై టీటీడీ ఫిర్యాదులు చేయడం తెలిసిందే.

రెండోది ‘మా ఫ్రెండ్ రావట్లేదు, రెండు టికెట్లు ఉన్నాయి’ అనే ఇన్‌స్టా, టెలిగ్రామ్ మెసేజ్. సగం అడ్వాన్స్ అంటారు. తర్వాత ట్రాన్స్‌ఫర్ ఫీజు అంటారు. ఆ తర్వాత బ్లాక్ చేస్తారు.

మూడోది అసలు టికెట్‌తోనే చేసే మోసం. ఒకే క్యూఆర్ స్క్రీన్‌షాట్‌ను పది మందికి అమ్ముతారు. గేటు దగ్గర మొదట స్కాన్ అయినవాడు లోపలికి.. మిగతా తొమ్మిది మంది బయటే. పైగా మన దగ్గర చాలా క్రికెట్ మ్యాచ్‌లకు ఆన్‌లైన్‌లో బుక్ చేసినవాళ్లు ఐడీ చూపించి కౌంటర్‌లో పేపర్ టికెట్ తీసుకోవాలి. అలాంటప్పుడు స్క్రీన్‌షాట్‌కు విలువేముంది?

కచేరీలదీ ఇదే కథ. 2025 జనవరిలో ముంబై, అహ్మదాబాద్‌లలో జరిగిన కోల్డ్‌ప్లే షోల టికెట్ల దందాపై ఈడీ ఏకంగా ఐదు రాష్ట్రాల్లో సోదాలు చేసింది.

మరి ఏం చేయాలి?

లింక్‌ను గూగుల్ యాడ్‌లో వెతకొద్దు. నిర్వాహకుల అధికారిక ఖాతాలో ఏ యాప్ పేరు చెప్పారో చూసి, ఆ యాప్‌లోకే నేరుగా వెళ్లండి. టికెట్లు అయిపోతే అదే యాప్‌లో తర్వాతి విడత కోసం చూడండి. తెలిసినవాళ్ల దగ్గర తీసుకున్నా పేపర్ టికెట్ చేతిలో పడ్డాకే డబ్బులివ్వండి. రీఫండ్ వస్తుందని పిన్ కొట్టమంటే అది మోసమే. యూపీఐలో డబ్బులు రావడానికి పిన్ అక్కర్లేదు.

డబ్బు పోయిందా? వెంటనే 1930కి కాల్ చేయండి. పోయిన సొమ్ము నిమిషాల్లో ఖాతాలు మారుతుంది. విత్‌డ్రా అయ్యేలోపు ఫిర్యాదు అందితేనే ఫ్రీజ్ చేసే ఛాన్స్ ఉంటుంది. యూటీఆర్ నంబర్, చాట్ స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి. ఆన్‌లైన్‌లో వేరొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు.

చాలామంది ‘పోయింది రెండు వేలేగా’ అని వదిలేస్తారు. ఇంట్లో తెలిస్తే తిడతారని ఇంకొందరు నోరు మెదపరు. కానీ ఒకే ఖాతా మీద పది ఫిర్యాదులు పడితే అది చిన్న కేసు కాదు. మన మౌనమే వాళ్లకు లైసెన్స్.

తర్వాతి టార్గెట్ పుష్కరాలే?

2027 జూన్ 26 నుంచి జులై 7 వరకు గోదావరి పుష్కరాలు. అప్పుడు రద్దీ మన ఊళ్లోనే. వలలో పడేది బయటి ఊళ్ల నుంచి వచ్చే మన చుట్టాలు. ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి. రైల్వే అడ్వాన్స్ రిజర్వేషన్ గడువు ఇప్పుడు 60 రోజులే. అదే రూల్ ఉంటే జూన్ 26 రైలుకు బుకింగ్ ఏప్రిల్ చివర్లోనే తెరుచుకుంటుంది. అంతకుముందే ‘కన్ఫర్మ్ టికెట్ ఇస్తాం, అడ్వాన్స్ కట్టండి’ అని ఎవరైనా అంటే.. అమ్మడానికి వాళ్ల దగ్గర టికెట్టే లేదని అర్థం. స్నానానికైతే అసలు టికెట్టే అక్కర్లేదు. ఈ రెండు ముక్కలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో ఉన్న మీవాళ్లకు ఇప్పుడే చెప్పండి.