ఎత్తంటే భయం: విమానం నడపవచ్చా?

ప్రశ్న: నా వయసు 21. బి.ఎస్సీ. పూర్తయింది. చిన్నప్పటినుంచి పైలట్‌ని కావాలని కోరిక. కాని మా డాబా పిట్టగోడ దగ్గర నిలబడి కిందికి చూస్తే కాళ్ళు వణుకుతాయి, అరిచేతులకు చెమటలు పడతాయి, ఎవరో కిందికి లాగుతున్నట్లు ఉంటుంది. నా శిక్షణ కోసం నాన్నగారు ఎకరం పొలం బేరానికి పెట్టారు. ఈ భయం సంగతి ఇంట్లో చెప్పలేదు. ఒక మాత్ర వేసుకుంటే పోతుందని స్నేహితుడు అంటున్నాడు. వేసుకోవచ్చా? నేను పైలట్‌ని కాగలనా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ రెండో ప్రశ్నకి ముందు జవాబు చెబుతాను. ఎత్తంటే భయం ఒక్కటే అడ్డంకి అయితే, కాగలరు. నిచ్చెన ఎక్కాలంటే జంకే పైలట్లు ఉన్నారు. ఇది విచిత్రంగా తోచవచ్చు గాని, దీనికి కారణం ఉంది.

మనిషి నిలబడినప్పుడు శరీరం ఎప్పుడూ కొద్దికొద్దిగా ఊగుతూనే ఉంటుంది. దగ్గర్లో ఉన్న గోడనో, చెట్టునో కళ్ళు పట్టుకుని ఆ ఊగుడును సరిచేస్తుంటాయి. మేడ అంచున నిలబడి కిందికి చూసినప్పుడు దగ్గర్లో అలాంటి ఆధారం ఉండదు. కళ్ళొకటి చెబుతాయి, పాదాలూ లోపలి చెవీ ఇంకొకటి చెబుతాయి. ఆ తికమకనే మీరు “ఎవరో లాగుతున్నట్లు” అని రాశారు. అంతమాత్రాన మీకు దూకాలని కోరిక ఉన్నట్లు కాదు. చాలామందికి ఈ అనుమానం ఉంటుంది, బయటికి చెప్పుకోరు.

విమానంలో మీరు నిలబడరు, కూర్చుంటారు. నడుముకి బెల్టు ఉంటుంది. ఎదురుగా మూరెడు దూరంలో మీటర్ల పలక, పక్కన కిటికీ చట్రం ఉంటాయి. పైగా కాళ్ళ దగ్గరనుంచి నేలదాకా దిగిపోయే గోడ ఏదీ కనిపించదు. అందుకే మూడో అంతస్తులో వణికినవాడు వెయ్యి అడుగుల ఎత్తులో పొలాలనూ కాలవలనూ తీరిగ్గా చూడగలుగుతాడు. అందరికీ ఇలాగే ఉంటుందని మాత్రం చెప్పలేను. కొందరి అసలు భయం ఎత్తు కాదు. ఇరుకు చోటు, లేదా విమానం కుదుపులు. మీదేదో ఎగిరి చూస్తేనే తెలుస్తుంది.

ఇక మాత్ర సంగతి. డయాజిపాం, అల్‌ప్రజోలాం వంటివి మగత తెస్తాయి, చేతి చురుకుదనం తగ్గిస్తాయి. డయాజిపాం ప్రభావం కొన్ని రోజులు కూడా ఉంటుంది. అలాంటి మాత్ర వేసుకుని విమానం నడపటం మీ ప్రాణానికే కాదు, పక్కన కూర్చున్న శిక్షకుడి ప్రాణానికీ ముప్పు. అదీగాక, మాత్ర మత్తులో ఎక్కినవాడి మనసు భయాన్ని దాటటం నేర్చుకోదు. స్నేహితుడికి దణ్ణం పెట్టి, ఆ మాత్ర అతని దగ్గరే ఉంచుకోమనండి.

భయాన్ని దాటటానికి ఉన్న మంచి మార్గం మెట్టుమెట్టుగా అలవాటు చేసుకోవటం. జర్మన్ మహాకవి గోథే స్ట్రాస్‌బర్గ్‌లో చదువుకునే రోజుల్లో, 1770 ప్రాంతంలో, అక్కడి పెద్ద చర్చి గోపురం మీదికి పదేపదే ఎక్కి తన భయం పోగొట్టుకున్నానని స్వీయచరిత్రలో రాసుకున్నాడు. మీరు అంత సాహసం చెయ్యనక్కర్లేదు. పిట్టగోడ లేనిచోట అసలే వద్దు. మొదట మీ డాబా మీదే, గోడకి రెండడుగుల దూరంలో నిలబడండి. గుండె దడ తగ్గేదాకా, పావుగంటైనా అరగంటైనా, అక్కడే ఉండండి. భయం ఎక్కువగా ఉన్నప్పుడే దిగి వచ్చేస్తే, తప్పించుకోవటమే మందని మనసు నమ్ముతుంది. అది తేలికయ్యాక గోడ దగ్గరికి, ఆ తరువాత ఇంకో అంతస్తు పైకి. విశాఖ వెళితే కైలాసగిరి రోప్‌వే ఎక్కండి. వారాల తరబడి చేసినా తగ్గకపోతే మానసిక వైద్యుడి సహాయం తీసుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు.

గాలిలో ఉండగా భయం వేస్తే ఊపిరి వేగం పెరుగుతుంది. రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి, వేళ్ళూ పెదవుల చుట్టూ తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది. అప్పుడు ఊపిరి నెమ్మదిగా, పొడవుగా వదలండి. పూర్వం కాగితం సంచిలో ఊపిరి పీల్చమనేవారు, ఇప్పుడు ఆ సలహా ఇవ్వటం లేదు. స్పృహ తప్పుతుందని బెంగ వద్దు. ఇలాంటి భయంలో రక్తపోటు సాధారణంగా పెరుగుతుందే గాని పడిపోదు. చూపు నేలమీద కాక, ఆకాశం నేలా కలిసే గీత మీద ఉంచండి. చేతిలోని చక్రాన్ని బిగించి పట్టుకోవద్దు. మలుపులో రెక్క వాలగానే కొత్తవాళ్ళు రెండోవైపుకి ఒరుగుతారు. సరిగ్గా తిప్పిన మలుపులో గ్లాసులో నీళ్ళు కూడా తొణకవు, మీరు మాత్రం ఎందుకు పడతారు? ఈ భయం సంగతి మొదటి రోజే శిక్షకుడికి చెప్పండి. చిన్న శిక్షణ విమానాల్లో ఆయన దగ్గరా నడిపే సాధనాలు ఉంటాయి.

ఒక జాగ్రత్త. పడుకుని పక్కకి తిరిగినప్పుడు గది గిర్రున తిరిగినట్లు ఉంటే అది ఎత్తు భయం కాదు, లోపలి చెవి జబ్బు కావచ్చు. చెవి డాక్టరుకి చూపించండి.

ఇప్పుడు పొలం. అమ్మకం కాస్త ఆపమనండి. ఉద్యోగానికి కావలసిన లైసెన్సుకి 200 గంటలు ఎగరాలి, ఆ ఖర్చు లక్షల్లో ఉంటుంది. ముందు పౌర విమానయాన శాఖ గుర్తించిన వైద్యుడి దగ్గర రెండో తరగతి పరీక్ష, ఆ పైన ఒకటో తరగతి పరీక్ష చేయించుకోండి. ఒకటో తరగతి లేకుండా ఆ ఉద్యోగం రాదు. వైద్యుడు అడిగినదేదీ దాచవద్దు. డబ్బంతా కట్టకముందే శిక్షకుడితో ఒకటి రెండుసార్లు ఎగిరి చూసే వీలుందేమో అడగండి. ఈ లోపల నాన్నగారికి మీ భయం గురించి చెప్పండి. నోటితో చెప్పలేకపోతే ఈ పేజీ ఆయనకి ఇవ్వండి. పరీక్షకి వెళ్ళేరోజున, కళ్ళద్దాలుంటే వెంట తీసుకెళ్ళటం మరిచిపోకండి.