కుట్టించిన చెవి కూడా అమానతే

ఆడపిల్ల పుట్టిన ఇంట చెవులు కుట్టించడం మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ముస్లిములూ, ఇరుగుపొరుగువారూ అందరూ పాటించే ఆచారమే. పోగులు ఎవరి దగ్గర చేయించాలి, ఎంత బంగారం పెట్టాలి అన్న చర్చ ఇంట్లో నెలల తరబడి సాగుతుంది. కుట్టించిన చెవిని ఎలా కాపాడుకోవాలన్న చర్చ మాత్రం చీము పట్టిన నాడే మొదలవుతుంది. ఈ నెల ఆ విషయాన్ని ధర్మం దృష్ట్యా, ఆరోగ్యం దృష్ట్యా పరిశీలిద్దాం.

ఒక ఈద్ నాడు దైవప్రవక్త (స) స్త్రీలను దానధర్మాలకు ప్రోత్సహించగా, వారు తమ చెవిపోగులు, ఉంగరాలు తీసి హజ్రత్ బిలాల్ (రజి) వస్త్రంలో వేశారని ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించారు. ఈ హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. ఆడపిల్లల చెవులు కుట్టించడంలో దోషం లేదని హనఫీ ఫుఖహా తెలిపారు. అయితే కేవలం ఆభరణం కోసం పసిపిల్లకు గాయం చేయడాన్ని ఇమామ్ గజాలీ (రహ్మ) తమ ఇహ్యా గ్రంథంలో అంగీకరించలేదు. మేము హనఫీ అభిప్రాయాన్నే బోధిస్తాము. అయినా ఇమామ్ గారి అభ్యంతరాన్ని పక్కన పెట్టలేము. బాధ స్వల్పం, గాయం త్వరగా మానేదే అన్న ధీమాతోనే కదా మనం పిల్లను సూది ముందు కూర్చోబెడుతున్నాం! మన అజాగ్రత్త వల్ల ఆ స్వల్ప గాయమే పెద్ద హానిగా మారితే, ధర్మం అనుమతించిందని చెప్పుకుని తప్పించుకోగలమా? పిల్లల దేహం మనకు అల్లాహ్ అప్పగించిన అమానతు.

కొన్ని ఇళ్లలో ఏడవ నాడు అఖీఖాతో పాటే చెవులు కూడా కుట్టించేస్తారు. అఖీఖా సున్నత్. అదే రోజున చెవులు కుట్టించమని మాత్రం షరీఅత్ ఎక్కడా కోరలేదు. ధనుర్వాతం, హెపటైటిస్-బి మొదలైన వ్యాధుల నుండి రక్షించే పెంటావాలెంట్ టీకా 6, 10, 14 వారాల వయసులో వేస్తారు. ఆ మూడు మోతాదులూ పూర్తయిన తరువాతే చెవులు కుట్టించడం వివేకం.

ఎవరి చేత కుట్టించినా అప్పటికప్పుడు విప్పిన కొత్త సూదినే వాడమని అడగండి. ఒకరికి వాడిన సూది మరొకరికి వాడితే రక్తం ద్వారా హెపటైటిస్, హెచ్.ఐ.వి. వంటి వ్యాధులు సోకవచ్చు. దుకాణాలలో వాడే గన్నును సూదివలె పూర్తిగా శుద్ధి చేయడం కష్టం. అడగడానికి మొహమాటపడవద్దు. మొదటి పోగు మేలిమి బంగారానిదైతే మంచిది. రోల్డు గోల్డు నగలలో ఉండే నికెల్ చాలామంది చర్మానికి పడదు, దురద పెట్టి రసి కారుతుంది.

చెవి తమ్మె మానడానికి 6 నుండి 8 వారాలు పడుతుంది. అంతవరకు పోగు తీయరాదు, తీస్తే రంధ్రం పూడుకుపోతుంది. రోజుకు రెండుసార్లు చేతులు సబ్బుతో కడుక్కుని, మందుల దుకాణంలో దొరికే సెలైన్‌తో గాని, లీటరు కాచిన నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపి చల్లార్చిన నీటితో గాని ముందూ వెనుకా తుడవండి. మెత్తని శుభ్రమైన గుడ్డతో అద్ది ఆరబెట్టండి. పసుపు ముద్దలు, వేపపుల్లలు, చీపురుపుల్లలు వద్దు. స్పిరిటుతో పదేపదే తుడిస్తే కొత్తగా వచ్చే చర్మం దెబ్బతింటుంది. మర మరీ బిగించవద్దు, తమ్మె వాచినప్పుడు అది కండలోకి దిగిపోతుంది.

మనది సముద్రపు గాలి, చెమట ఎక్కువ. గాయం మానేవరకు చెరువు స్నానాలు మానిపించండి. పలాస ప్రాంతంలో జీడిపప్పు పనికి వెళ్లే తల్లులు మరింత జాగ్రత్తగా ఉండాలి. జీడిపెంకు నూనె చర్మాన్ని పొక్కిస్తుంది, ఆ చేతులతో పిల్ల చెవిని తాకరాదు. మక్తబ్‌కు వచ్చే బాలికల దుపట్టా అంచు పోగుకు చిక్కి గాయం మళ్లీ రేగడం మేము తరచూ చూస్తుంటాము. ఆ కొద్ది వారాలూ మెత్తని నూలు దుపట్టా వదులుగా కప్పండి. తీసేటప్పుడు ముందుగా చెవి దగ్గర సడలించండి.

ఇక యుక్తవయసు బాలికలు ఇప్పుడు చెవి పైభాగాన కూడా కుట్టించుకుంటున్నారు. అక్కడ ఉండేది మృదులాస్థి. దానికి రక్తప్రసరణ తక్కువ కనుక మానడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది కూడా. అక్కడ చీము పడితే మృదులాస్థి కుళ్లి చెవి ఆకారమే కుంగిపోవచ్చు. ఎరుపు వ్యాపించినా, వేడి, వాపు, చీము, జ్వరం కనిపించినా ఇంటి వైద్యంతో రోజులు గడపక వైద్యుని వద్దకు తీసుకెళ్లండి. పోగును మీకు మీరే తీయకండి. పై చర్మం మూసుకుని చీము లోపలే నిలిచిపోవచ్చు.

వుజూ, గుసుల్ గురించి అడిగే సోదరీమణులకు మా సమాధానం ఇది. వుజూలో చెవుల మసహ్ సున్నత్. తడివేలితో తేలికగా తాకితే చాలు, నొప్పి ఉంటే పచ్చిగా ఉన్న చోటును వదిలేయవచ్చు. ఫర్జ్ గుసుల్‌లో శుభ్రమైన నీరు పారనివ్వాలి. నీరు హాని చేస్తుందని వైద్యుడు చెబితే ఆ చోట తడిచేతితో మసహ్ చేయాలి, అదీ హానికరమైతే అంతమేరకు మినహాయింపు ఉంది. గాయం మానిన తరువాత పోగు బిగుతుగా ఉంటే కాస్త కదిపి నీరు చేర్చాలి. పోగు లేనప్పుడు రంధ్రం మీదుగా నీరు పోస్తే చాలు. పుల్ల గుచ్చి నీరు ఎక్కించే శ్రమను ఫుఖహా మనపై మోపలేదు.

ఈదుల్ ఫిత్ర్ నాడు మీ పాప కొత్త పోగులతో మెరవాలని కోరుకుంటే రమజాన్ చివరి పదిరోజుల దాకా ఆగకండి. రజబ్ మాసం ముగిసేలోగా కుట్టించండి. షాబాన్, రమజాన్ రెండు నెలలూ గడిచి నెలవంక కనిపించేనాటికి, ఇన్షాఅల్లాహ్, చెవి మాని ఉంటుంది.