దూరం పెరిగినా తగ్గిన ప్రయాణ కాలం : ఢిల్లీ - శాన్‌ఫ్రాన్సిస్కో విమాన మార్గంపై విశ్లేషణ

ఢిల్లీ నుంచి అమెరికా పశ్చిమ తీరంలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎయిర్ ఇండియా సంస్థ 2015 డిసెంబరు 2న నేరుగా విమాన సర్వీసును ప్రారంభించింది. సిలికాన్ వ్యాలీలో స్థిరపడిన తెలుగువారికి, వారి కుటుంబాలకు ఈ సర్వీసు ఎంతగానో ఉపకరించింది. తొలి నాళ్లలో విమానం పడమరగా, అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు ప్రయాణించేది. 2016 అక్టోబరు 16న మార్గాన్ని మార్చి, తూర్పుగా పసిఫిక్ మహాసముద్రం మీదుగా నడిపారు. దూరం సుమారు 15,300 కిలోమీటర్లకు పెరిగింది. అయినప్పటికీ విమానం పద్నాలుగున్నర గంటలలోనే గమ్యం చేరింది. పాత మార్గంతో పోల్చితే దాదాపు రెండు గంటలు ఆదా కావడం గమనార్హం.

ఇందుకు కారణం గాలి. విమానాలు ఎగిరే ఎత్తున పడమర నుంచి తూర్పునకు బలమైన వాయు ప్రవాహాలు వీస్తుంటాయి. తూర్పుగా వెళ్లే విమానాన్ని అవి ముందుకు నెడతాయి, పడమరగా వెళ్లే విమానానికి ఎదురొడ్డుతాయి. పై అంకెలను లెక్కిస్తే పసిఫిక్ మార్గంలో విమానం నేలను బట్టి సగటున గంటకు 1,050 కిలోమీటర్ల వేగం అందుకున్నట్లు తేలుతుంది. జెట్ విమానం సాధారణ వేగం గంటకు 900 కిలోమీటర్ల వరకు మాత్రమే. ప్రయాణ కాలం తగ్గితే ఇంధనం ఖర్చూ తగ్గుతుంది.

భూగోళంపై ఈ రెండు నగరాల మధ్య అతి దగ్గరి దారి సుమారు 12,400 కిలోమీటర్లే. అది మధ్య ఆసియా, సైబీరియా దాటి ఉత్తర ధ్రువానికి సమీపంగా సాగుతుంది. పటంపై గీత గీయడం తేలికే గాని, ఆ గీత కింద ఉన్న దేశాల అనుమతి లేనిదే విమానం సాగదు. 2019 ఫిబ్రవరి నుంచి జులై 16 వరకు పాకిస్తాన్ తన గగనతలాన్ని మూసివేసినపుడు, జులై 2 నాటికే ఎయిర్ ఇండియాకు రూ. 491 కోట్ల నష్టం వాటిల్లినట్లు కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలియజేసింది. 2025 ఏప్రిల్ 24న ఆ గగనతలం భారతీయ విమానాలకు మరల మూతపడింది. ఫలితంగా ఉత్తర అమెరికాకు వెళ్లే కొన్ని విమానాలు ఇంధనం కోసం వియన్నా, కోపెన్‌హాగన్‌లలో ఆగవలసి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి ఢిల్లీ - వాషింగ్టన్ సర్వీసును నిలిపివేయడానికి సంస్థ చూపిన కారణాలలో విమానాల కొరతతో పాటు ఇదీ ఒకటి.

ప్రయాణ కాలాన్ని ప్రచురించేటపుడు మరొక విషయాన్ని దృష్టిలో ఉంచుకోవలసి ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో గడియారం భారత కాలమానం కంటే వేసవిలో పన్నెండున్నర, శీతాకాలంలో పదమూడున్నర గంటలు వెనుక ఉంటుంది. వేసవి వేళల్లో పద్నాలుగున్నర గంటలు ప్రయాణించిన వ్యక్తి స్థానిక సమయం ప్రకారం బయలుదేరిన రెండు గంటలకే దిగినట్లు టిక్కెట్టుపై కనిపిస్తుంది. ఈ రెండు అంకెలను చూసి ప్రయాణం రెండు గంటలేనని ఎవరూ పొరబడరు గాని, తిరుగు ప్రయాణంలో తేదీ మారే చోట మాత్రం తికమక తప్పడం లేదు.

హైదరాబాద్ నుంచి బయలుదేరేవారు ఢిల్లీ వరకు మరో రెండు గంటలకు పైగా ప్రయాణాన్ని, అక్కడ వేచి ఉండే సమయాన్ని అదనంగా కలుపుకోవాలి. శంషాబాద్ నుంచి షికాగోకు 2021 జనవరిలో నేరుగా సర్వీసు మొదలైనా, అది తరువాత నిలిచిపోయింది.